మాయమైన స్టాక్ రిజిస్టర్లు, తప్పు చదివిన టైం: ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కేసు

గుంటూరు చుట్టుపక్కల ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఇద్దరు భాగస్వాములు, వరసకు బావా బావమరుదులు. ఏళ్ల తరబడి లెక్కలు రాసిన గుమాస్తా మానేశాడు, సరిగ్గా అతను మానేసిన రోజే ఆఫీసు కంప్యూటర్లో స్టాక్ రిజిస్టర్లున్న ఫోల్డర్ మొత్తం ఎగిరిపోయింది. నా పని డిజిటల్ ఫోరెన్సిక్స్, అంటే కంప్యూటర్లలో సాక్ష్యం వెతకడం. లాయరు గారు నాకు ఫోన్ చేసేటప్పటికే దొంగ ఎవరో అందరికీ ఖాయమైపోయింది, నన్ను పిలిచింది దానికో రిపోర్టు జత చేయడానికే. "ఫైళ్లు వెనక్కి తెప్పించండి, వాడే తీసేశాడని రాసివ్వండి సార్, రేపే స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చేస్తాం" అన్నారు పెద్ద భాగస్వామి. ఫైళ్లు చాలావరకు వెనక్కి వచ్చాయి. రెండోది మాత్రం రాయలేదు, ఎందుకు రాయలేదో చెప్పడానికే ఈ కేసు రాస్తున్నా. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

మిర్చి వ్యాపారం తెలియనివాళ్లకి రెండు ముక్కలు. రైతు కాయని టిక్కీల్లో, అంటే బస్తాల్లో, నింపి తెచ్చి కోల్డ్ స్టోరేజీలో పెడతాడు, రేటు వచ్చినప్పుడు తీసి అమ్ముకుంటాడు. పెట్టినందుకు ఒక బాండు ఇస్తారు, చాలామంది ఆ బాండు మీదే బ్యాంకులో అప్పు తెచ్చుకుంటారు. అంటే ఏ ఛాంబర్లో ఎవరి టిక్కీలు ఎన్ని ఉన్నాయన్న రిజిస్టర్ పోతే అది ఆఫీసు గొడవగా ఆగదు, రైతు దాకా, బ్యాంకు దాకా పోతుంది. ఇక్కడ పద్దు పుస్తకాలు ట్యాలీలో ఉన్నాయి కానీ, రోజువారీ రాకపోకలన్నీ ఎక్సెల్లో, ఛాంబర్‌కి ఒక ఫైలు, సంవత్సరానికి ఒక ఫోల్డర్. కొద్ది వారాల ముందు ఒక ఛాంబర్ దించుతుంటే బాండ్ల లెక్కకీ టిక్కీల లెక్కకీ తేడా వచ్చిందట. ఇంట్లోనే అరుపులు, కేకలు. ఆ గొడవ మధ్యలో గుమాస్తా మానేశాడు, కాబట్టి అనుమానం అతని మీదకి పోవడంలో నాకు వింతేమీ కనపడలేదు.

నాకంటే ముందు ఆ డిస్క్ మీద చేయి వేసింది ఊళ్లో కంప్యూటర్ షాపు కుర్రాడు. దాదాపు ప్రతి కేసులో ఇదే తంతు. ఫైళ్లు పోయాయనగానే ముందు గుర్తొచ్చేది ఏఎంసీ (ఏడాది మరమ్మతు కాంట్రాక్టు) చూసే కుర్రాడే. అతను పాపం మంచి ఉద్దేశంతోనే ఒక ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్ వేశాడు, స్కాన్ చేశాడు, దొరికినవాటిని "ఖాళీ ఎక్కువ ఉంది కదా" అని అదే డి డ్రైవ్‌లో "రికవర్డ్" అని ఫోల్డర్ పెట్టి సేవ్ చేశాడు. పోయిన ఫైళ్లు ఎక్కడున్నాయో ఆ ఖాళీలోకే కొత్త ఫైళ్లు పోసినట్టయింది. దాంతోపాటు టూల్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. అందులో డిలీట్ చేసిన టైం అని ఒక కాలమ్, ప్రతి వరసలో మధ్యాహ్నం 1:12. ఆ టైంకి ఇద్దరు భాగస్వాములూ భోజనానికి ఇంటికి వెళ్లారు, ఆఫీసులో గుమాస్తా ఒక్కడే. కేసంతా ఆ ఫోటో మీదే నిలబడి ఉంది.

డిస్కులు

మెషీన్ మామూలు అసెంబుల్డ్ డెస్క్‌టాప్, విండోస్ 10. రెండు డిస్కులు: విండోస్ ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీ, డేటా పెట్టుకునే 1 టీబీ హార్డ్ డిస్క్. నేను చేరేసరికి మెషీన్ ఆఫ్‌లో ఉంది, ఆన్ చేయలేదు. ఆఫీసు మనుషులు ఇద్దరిని సాక్షులుగా కూర్చోబెట్టి, డిస్కులు విప్పి, లేబుల్ మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ కనపడేలా ఫోటోలు తీసి, డిస్క్ మీద ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్ మీద పెట్టి ఈ01 ఫార్మాట్‌లో ఇమేజ్‌లు, అంటే బిట్ బిట్‌కీ నకళ్లు, తీశాం. ఎండీ5, షా256 హ్యాష్‌లు (డేటాకి వేలిముద్ర లాంటి విలువలు) లెక్కించి, ఆ కాగితం మీద అక్కడికక్కడే అందరి సంతకాలు. ఇంత తతంగం అవసరమా అని పెద్దాయన విసుక్కున్నారు. అవసరమే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయడానికి ప్రత్యేకంగా చోటే పెట్టారు. పాత ఎవిడెన్స్ చట్టం 65బి సెక్షన్ రోజుల్లో హ్యాష్ లేకుండా సర్టిఫికెట్ లాగించేసిన కేసులు చాలా చూశాం, ఇప్పుడు ఫారమే అడుగుతుంది.

ఎస్‌ఎస్‌డీ సంగతి త్వరగా తేల్చేస్తాను, ఎందుకంటే డిలీట్ అయిన డేటా వైపు నుంచి అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. విండోస్ 7 నుంచి ఎస్‌ఎస్‌డీలో ఫైల్ తీసేయగానే "ఈ బ్లాకులు ఇక నాకు అక్కర్లేదు" అని డిస్క్‌కి ట్రిమ్ కమాండ్ వెళ్తుంది. ఆ తర్వాత అక్కడ చదివితే చాలా డిస్కుల్లో సున్నాలే వస్తాయి. రైట్ బ్లాకర్ మన కంప్యూటర్ నుంచి వెళ్లే రాతల్ని ఆపుతుంది గానీ, కరెంటు అందితే డిస్క్ లోపల తనంతట తాను చేసుకునే శుభ్రాన్ని ఆపలేదు. ఖాళీ జాగా చూస్తే అనుకున్నట్టే సున్నాలు. కానీ సి డ్రైవ్‌లో ఎవరూ డిలీట్ చేయని సామాను బోలెడంత ఉంది: రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు), ఈవెంట్ లాగ్‌లు, ఈమధ్య తెరిచిన ఫైళ్ల షార్ట్‌కట్‌లు, జంప్ లిస్టులు. ఇలాంటి కేసుల్లో నిలబడే సాక్ష్యం ఎక్కువగా వీటిలోనే ఉంటుంది, క్లయింటు కళ్లు మాత్రం ఎప్పుడూ పోయిన ఫైలు మీదే.

హార్డ్ డిస్క్ అదృష్టం బాగుంది. ఈమధ్య వచ్చే కొన్ని ఎస్‌ఎంఆర్ రకం హార్డ్ డిస్కులు కూడా ట్రిమ్ తీసుకుంటాయి, కాబట్టి "హార్డ్ డిస్కే కదా, అన్నీ ఉంటాయిలే" అనుకోకుండా మోడల్ నంబర్ వెతికి చూసుకోవాలి. ఇది పాత తరం డిస్క్, ఆ బెడద లేదు.

తీసేసిన ఫైలు ఎక్కడ మిగులుతుంది

విండోస్ డిస్క్ మీద ఫైళ్లు సర్దే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. అందులో ప్రతి ఫైలుకీ ఎంఎఫ్‌టీ అనే పట్టికలో ఒక రికార్డు ఉంటుంది, సాధారణంగా 1024 బైట్లు. ఫైలు పేరు, టైంలు, డిస్క్ మీద ఏ క్లస్టర్లలో (డిస్క్‌ని విడగొట్టిన చిన్న గళ్లు) ఉందన్న చిట్టా అందులోనే. డిలీట్ చేస్తే ఆ రికార్డులో "వాడుకలో ఉంది" అనే ఒక జెండా దిగుతుంది, క్లస్టర్లు ఖాళీ అని బిట్‌మ్యాప్‌లో గుర్తు పడుతుంది, ఫోల్డర్ జాబితాలోంచి పేరు పోతుంది. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోనట్టు, డేటా అక్కడే పడి ఉంటుంది, వేరేవాడు వచ్చి దున్నేదాకా. ఇక్కడ దున్నింది షాపు కుర్రాడి రికవర్డ్ ఫోల్డర్. పైగా కొత్త ఫైళ్లకి రికార్డులు కావాలంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ ముందు ఖాళీ అయిన పాతవాటినే వాడుకుంటుంది కాబట్టి, కొన్ని రిజిస్టర్ల డేటా ఉండి రికార్డు పోయింది, కొన్నింటికి రికార్డు ఉండి డేటా పోయింది.

రెండూ మిగిలినవి తేలిగ్గా వచ్చాయి, పేరుతో, తేదీలతో సహా. పోయిన ఫైళ్లలో సగానికి పైగా ఇలాంటివే, ఇక్కడ గొప్పతనమేమీ లేదు, ఏ మంచి టూల్ అయినా తెస్తుంది.

రికార్డు పోయినవాటికి కార్వింగ్ చేయాలి, అంటే పేరూ ఊరూ లేకుండా ఖాళీ జాగాలో ఫైలు ఆనవాళ్లు పట్టుకుని లాగడం. ఇప్పటి ఎక్సెల్ ఫైలు (.xlsx) లోపల నిజానికి ఒక జిప్ ఫైలు, "పీకే" అనే రెండు అక్షరాలతో మొదలవుతుంది, చివర్లో మళ్లీ పీకేతో మొదలయ్యే ఒక ముగింపు రికార్డు ఉంటుంది. మొదలూ చివరా దొరికి, మధ్యలో ముక్కలు కాకుండా ఉంటే ఫైలు చక్కగా వస్తుంది.

మధ్యలో కొంత చెడిపోయినవాటి దగ్గరే అసలు పని. ఎక్సెల్ తన షీట్‌లో అంకెల్ని నేరుగా రాస్తుంది, మాటల్ని మాత్రం నేరుగా రాయదు. మాటలన్నీ వేరే ఒక జాబితాలో పెట్టి, షీట్‌లో ఆ జాబితా వరస నంబర్ రాస్తుంది. కొన్ని ఫైళ్లలో షీట్ భాగం బతికింది, మాటల జాబితా ఉన్న చోట షాపు కుర్రాడి ఫైలు వచ్చి కూర్చుంది. ఫలితం ఎలా ఉందంటే: 214, పక్కన 120 టిక్కీలు. 215, పక్కన 86 టిక్కీలు. ఆ 214 ఏ రైతో, 215 ఏ ఊరో తెలియదు. "పోయినేడాది ఫైలుంది కదా, దాంట్లో పేర్లు తీసుకొచ్చి దీంట్లో పెట్టండి, అదే రైతులు, అదే వరస" అని పెద్దాయన చాలా పట్టుబట్టారు. కుదరదు. మాటల జాబితా ఏ ఫైలుకి ఆ ఫైలుదే, ఒక్క పేరు కొత్తగా చేరితే కింద వరసంతా జరిగిపోవచ్చు. ఒకరి టిక్కీలు ఇంకొకరి పేరు మీద పడతాయి, అదీ నా రిపోర్టు సాక్షిగా. ఆ ఫైళ్లని "అంకెలు మాత్రమే, పేర్లు లేవు" అని విడిగా అనుబంధంలో పెట్టాను.

ఎక్సెల్ ఫైలు లోపల చివరిసారి మార్చిన యూజర్ పేరు, టైం కూడా ఉంటాయి. దీన్ని తక్కువ అంచనా వేయకూడదు. అమెరికాలో విచిటా నగరాన్ని ఏళ్ల తరబడి వణికించిన బీటీకే హంతకుడు 2005లో దొరికింది ఇలాంటి గుర్తుతోనే. అతను టీవీ స్టేషన్‌కి పంపిన ఫ్లాపీలో డిలీట్ చేసిన వర్డ్ ఫైలు ఒకటి మిగిలింది, దాని మెటాడేటాలో (ఫైలు గురించి ఫైల్లోనే ఉండే వివరాల్లో) ఒక చర్చి పేరు, డెనిస్ అన్న పేరు. మన కేసులో అంత యోగం లేదు. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేసిన రోజు షాపువాళ్లు పెట్టిన "అడ్మిన్" అన్న పేరే ప్రతి ఫైల్లోనూ ఉంది, గుమాస్తా మార్చినా అడ్మినే, ఓనరు మార్చినా అడ్మినే.

మధ్యాహ్నం 1:12

ఇప్పుడు ఆ ఫోటో సంగతి. డి డ్రైవ్‌లో ఫైల్‌ని మామూలుగా డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్ ఫోల్డర్‌లోకి వెళ్లి, పేరు మారి, డాలర్ గుర్తు, ఆర్ అక్షరం, వెనక అడ్డదిడ్డమైన అక్షరాలతో కూర్చుంటుంది. దానికి జతగా డాలర్-ఐతో ఇంకో బుల్లి ఫైలు పుడుతుంది. అందులో ఉండేవి అసలు ఫైలు పూర్తి దారి, సైజు, బిన్‌లో పడేసిన టైం. బిన్ ఖాళీ చేస్తే రెండూ పోతాయి. కానీ ఈ డాలర్-ఐ ఎంత చిన్నదంటే, దానికి డిస్క్ మీద వేరే చోటు అక్కర్లేదు, ఎంఎఫ్‌టీ రికార్డు లోపలే ఇమిడిపోతుంది. ఆ రికార్డుని ఇంకో ఫైలు వాడుకోనంతవరకు లోపలి సమాచారం చెక్కుచెదరదు. బిన్ ఖాళీ చేసి వారాలు గడిచినా ఇవి దొరికాయి.

వాటిలో టైం 8 బైట్లలో ఉంటుంది, 1601 జనవరి 1 నుంచి లెక్క, యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక టైంలో. హెక్స్‌లో చేత్తో మార్చి చూశాను: 13:12. షాపు కుర్రాడి టూల్ చూపించింది కూడా అదే, కానీ అది యూటీసీ అని ఎక్కడా రాయలేదు, అతనికీ తోచలేదు. మన టైం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. 13:12 అంటే మనకు సాయంత్రం 6:42. గుమాస్తా తాళాలు అప్పగించి, బయోమెట్రిక్‌లో వేలు పెట్టి వెళ్లిపోయింది 5:14కి.

ఇక్కడ ఆగిపోయి సంబరపడితే అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో కూలుస్తాడు: కంప్యూటర్ గడియారం కరెక్టని ఏంటి గ్యారంటీ? అసెంబుల్డ్ మెషీన్లలో బోర్డు మీది సెల్ అయిపోయి తేదీ వెనక్కి పోవడం మామూలే. అందుకని మూడు వైపుల నుంచి చూశాను. రిజిస్ట్రీలో టైం జోన్ ఇండియా స్టాండర్డ్ టైం అనే ఉంది, తేడా మైనస్ 330 నిమిషాలని (మన టైంలోంచి అన్ని నిమిషాలు తీసేస్తే యూటీసీ). సెక్యూరిటీ లాగ్‌లో సిస్టమ్ టైం మారిస్తే 4616 నంబర్ ఈవెంట్ పడుతుంది, ఆ వారంలో మనిషి చేతి మార్పులేవీ లేవు, విండోస్ తనంతట తాను చేసుకున్న సెకన్ల సర్దుబాట్లే. చివరగా బయటి సాక్ష్యం ఒకటి కావాలి కాబట్టి, అదే రోజు మధ్యాహ్నం ఆ మెషీన్ నుంచి ఆడిటర్‌కి వెళ్లిన మెయిల్ పట్టుకున్నాం. ఆడిటర్ దగ్గర ఆ మెయిల్ హెడర్‌లో సర్వర్ వేసిన టైం, మన మెషీన్‌లో క్రోమ్ హిస్టరీ చెప్పే టైం, రెండింటికీ నిమిషం తేడా కూడా లేదు. బయోమెట్రిక్ మెషీన్ గడియారం మాత్రం నాలుగు నిమిషాలు ముందు నడుస్తోంది, అది కూడా రిపోర్టులో రాశాను, ఫలితం మారదు కానీ రాయకపోతే దాచినట్టుంటుంది.

ఇక ఆ సాయంత్రం ఏం జరిగిందో యూఎస్‌ఎన్ జర్నల్ చెప్పింది. డిస్క్ మీద ఏ ఫైలు పుట్టింది, ఏది పేరు మారింది, ఏది పోయింది అని ఎన్‌టీఎఫ్‌ఎస్ రాసుకునే డైరీ అది. పాతవి పాతవిగా చెరిగిపోతుంటాయి, కానీ డి డ్రైవ్‌లో పని తక్కువ కాబట్టి ఆ రోజు వరసలు ఇంకా ఉన్నాయి. మన టైంలోకి మార్చి చెప్తాను. 6:31కి సెక్యూరిటీ లాగ్‌లో "ఆఫీస్" అనే యూజర్ అకౌంట్‌తో లాగిన్, కీబోర్డ్ ముందు కూర్చుని చేసినదే, నెట్‌వర్క్ మీంచి కాదు. 6:35కి డి డ్రైవ్‌లో మూడో ఛాంబర్ ఫైలు పక్కన, ఎక్సెల్ తెరిచినప్పుడు పుట్టించే తాత్కాలిక ఫైలు పుట్టింది, రెండు నిమిషాలకి పోయింది. అంటే తెరిచి చూసి మూశారు. మూడో ఛాంబరే లెక్క తేడా వచ్చిన ఛాంబర్. 6:40కి ఆ ఒక్క ఫైలు బిన్‌లోకి. 6:42కి ఫోల్డర్లు ఫోల్డర్లుగా మిగతావన్నీ. 6:47కి బిన్ ఖాళీ.

షాపు ఫోటోలో ప్రతి వరసలో 1:12 ఉన్నా, ఈ 6:40 ఫైలు అందులో లేనే లేదు. ఆ టూల్‌కి అది తప్పిపోయింది, జర్నల్ లేకపోతే నాకూ తెలిసేది కాదు.

పెన్‌డ్రైవ్

పెద్దాయన ఇంకో మాట కూడా చెప్పారు: గుమాస్తా పెన్‌డ్రైవ్ పెట్టి అన్నీ ఎత్తుకుపోయాడు, తర్వాత తీసేశాడు. ఇందులో మొదటి సగం నిజమే. రిజిస్ట్రీలో ఆ పెన్‌డ్రైవ్ సీరియల్ నంబర్‌తో సహా ఉంది. కొత్త పరికరం తగిలించినప్పుడు విండోస్ రాసే సెటప్ లాగ్ ప్రకారం మొదటిసారి పెట్టింది ఫైళ్లు పోవడానికి మూడు రోజుల ముందు, ఉదయం. ఈ సెటప్ లాగ్ ఒక తిరకాసు: మిగతావన్నీ యూటీసీ అయితే ఇది లోకల్ టైంలో రాస్తుంది. అన్నిటికీ ఒకే సూత్రం పెట్టి అయిదున్నర గంటలు కలిపేస్తే పొద్దున పెట్టిన పెన్‌డ్రైవ్ సాయంత్రానికి జరిగిపోతుంది. చివరిసారి కనెక్ట్ అయిన టైం కూడా ఆ మొదటిసారి పెట్టిన రోజుదే. డిలీట్ అయిన సాయంత్రం ఆ పెన్‌డ్రైవ్ మెషీన్‌కి తగలనే లేదు.

ఫలానా ఫైల్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశారు అని ఖచ్చితంగా చెప్పే రికార్డు విండోస్ మామూలుగా పెట్టదు, చాలామంది ఉంటుందనుకుంటారు. మనకు దొరికింది షార్ట్‌కట్ ఫైళ్లు, కాపీ అయ్యాక సరిగ్గా వచ్చిందో లేదో అని పెన్‌డ్రైవ్ నుంచి ఒకటి రెండు తెరిచి చూస్తారు కదా, అప్పుడు పుట్టినవి. వాటిలో ఆ పెన్‌డ్రైవ్ వాల్యూమ్ సీరియల్ (ఫార్మాట్ చేసినప్పుడు పడే నంబర్) ఉంది.

తర్వాత గుమాస్తా తన లాయరు ద్వారా పెన్‌డ్రైవ్ తానే తెచ్చి ఇచ్చాడు. దాచలేదు, బుకాయించలేదు. "నెలకోసారి బ్యాకప్ తీసుకోమని వాళ్లే చెప్పారండీ, గొడవలు జరుగుతున్నాయి కదా, రేపు నా మీదకి వస్తుందని టెన్షన్, ఈసారిది నా దగ్గరే పెట్టుకున్నా" అన్నాడు. పర్మిషన్ లేకుండా కాపీ చేస్తే ఐటీ చట్టం 43వ సెక్షన్ ఉంది, ఆ మాట అతనికీ తెలుసు, అది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. నాకు కావల్సింది ఫైళ్లు.

దాన్నీ రైట్ బ్లాకర్ మీదే ఇమేజ్ తీశాం. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి ఫ్యాట్32. ఫ్యాట్32 టైంని లోకల్ టైంలోనే రాస్తుంది, ఏ టైం జోనో చెప్పదు, పైగా మార్చిన టైంని రెండు సెకన్లకి సరిచేస్తుంది. హార్డ్ డిస్క్ మీద రికవర్ అయిన మూడో ఛాంబర్ ఫైలు మార్చిన టైం యూటీసీలో 04:51:07, పెన్‌డ్రైవ్‌లో అదే ఫైలుది 10:21:08. అయిదున్నర గంటలు కలిపితే 10:21:07, రెండు సెకన్ల సర్దుబాటుతో 08. టైంలు పట్టుకుని చూసేవాళ్లకి ఇంతకంటే ముచ్చటైన దృశ్యం ఉండదు. హ్యాష్‌లు కూడా పోల్చాను. పూర్తిగా రికవర్ అయిన ఫైళ్లలో అత్యధికం పెన్‌డ్రైవ్ కాపీలతో ఒక్క బిట్ తేడా లేకుండా కలిశాయి. కలవనివి ఆ మూడు రోజుల్లో కొత్త ఎంట్రీలు పడినవి, సహజమే. పేర్లు పోయి అంకెలు మిగిలిన ఫైళ్లలో కూడా ఆ 214వ నంబర్ రైతు ఎవరో ఇప్పుడు పెన్‌డ్రైవ్ కాపీ చెప్పింది. వరస అక్షరాలా అదే అని ఆ ఫైళ్ల అంకెలన్నీ సరిపోల్చుకున్నాకే ఆ అనుబంధాన్ని సవరించాను. పోయినేడాది ఫైలు జాబితా పెట్టి ఉంటే? ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూశాను, నలభయ్యో పేరు దగ్గరే వరస తప్పింది.

రిపోర్టు

రిపోర్టులో ముఖ్యమైన వాక్యాలు తక్కువే. ఆఫీస్ అనే యూజర్ అకౌంట్ నుంచి, ఆ మెషీన్ ముందు కూర్చుని చేసిన లాగిన్‌లో, భారత కాలమానం ప్రకారం సాయంత్రం 6:40, 6:47 మధ్య ఫైళ్లు బిన్‌లో పడి, బిన్ ఖాళీ అయింది. అంతకు ముందు మూడో ఛాంబర్ ఫైలు తెరిచి చూశారు. ప్రతి టైం పక్కనా యూటీసీ, ఐఎస్‌టీ రెండూ, అది ఏ రికార్డు నుంచి వచ్చిందో, ఆ రికార్డు ఏ కాలమానంలో రాస్తుందో. పాత రికవరీ ప్రయత్నం వల్ల ఏ ఫైళ్ల మీద కొత్త డేటా పడిందో విడిగా, కుర్రాడి మీద నింద లేకుండా.

పెద్దాయన రిపోర్టు చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ టైంలో కూర్చున్నది ఎవరో చెప్పలేరా?" అన్నారు. చెప్పలేను. ఆఫీస్ అకౌంట్ పాస్‌వర్డ్ మానిటర్ కింద అంటించిన చీటీ మీద ఉంది, ఆఫీసులో నలుగురికి తెలుసు. సీసీటీవీ డీవీఆర్ పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది, గుమాస్తా మీద కంప్లయింట్ ఎలా రాయాలా అని వాళ్లు వాదించుకుంటున్న రోజుల్లోనే ఆ సాయంత్రం ఫుటేజీ చెరిగిపోయింది. డీవీఆర్ డిస్క్ నుంచి తీయొచ్చేమో అని అడిగారు, చూశాను, వారాల తరబడి దాని మీద రాత నడిచింది, పనికొచ్చేదేమీ రాలేదు. అనుమానం ఎవరి మీదో నాకూ ఉంటుంది, లేకపోవడానికి నేను రాయిని కాదు, కానీ దాన్ని రిపోర్టులోకి రానివ్వను. నాది ప్రైవేటు ప్రాక్టీసు, ఐటీ చట్టం 79ఎ కింద కేంద్రం నోటిఫై చేసిన ల్యాబు కాదు. కోర్టులో అవతలివాళ్లు ముందు అడిగేదే అది, కాబట్టి నా రిపోర్టులో ప్రతి వాక్యాన్నీ ఇంకొక ల్యాబు అదే ఇమేజ్ మీద మళ్లీ చేసి చూడగలగాలి.

కంప్లయింట్ మాత్రం ఆ రూపంలో ఇవ్వలేదు, లాయరు గారే ఆపారు. ఆడిటర్ రికవర్ అయిన రిజిస్టర్లూ, బాండ్ల కౌంటర్‌ఫాయిళ్లూ పెట్టుకుని మూడో ఛాంబర్ లెక్క మొదటి నుంచి చూశారు, ఆ లెక్కలు నా పరిధి కాదు, నాకు చెప్పినంతవరకు గొడవ గుమాస్తా దాటి భాగస్వాముల మధ్యకి వెళ్లింది. చిన్న భాగస్వామి లెక్కల కోసం కోర్టుకి వెళ్తానన్నప్పుడు 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావల్సి వచ్చింది. దాంట్లో రెండు భాగాలు, పార్ట్ ఎ ఆ ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టు ముందు పెట్టేవాళ్లు సంతకం చేయాలి, పార్ట్ బి నిపుణుడు. పార్ట్ బి నేను అదే రోజు ఇచ్చేశాను. పార్ట్ ఎ మీద మొదట్లో అంత ఉత్సాహపడిన పెద్దాయన సంతకం పెట్టనంటే పెట్టనన్నారు, చివరికి చిన్నాయన పెట్టారు. ఇమేజ్‌ల రెండు కాపీలు సీల్ వేసి ఒకటి లాయరు గారి దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి. పెన్‌డ్రైవ్ హ్యాష్ కాపీ తనకూ ఒకటి ఇమ్మని గుమాస్తా అడిగితే, అతని లాయరు ద్వారా ఇచ్చాం.